ఒక శాతం పన్ను: చిన్న వర్తకునికి లాభమెంత, నష్టమెంత?

ఏటా ఫిబ్రవరి నుంచి హిందూపురం మార్కెట్ యార్డుకు చింతపండు రాక ఊపందుకుంటుంది. కరిపులి ఎంత పలికింది, ఫ్లవరు రకం ఎక్కడ ఆగింది అన్న మాటలే ఆ రోజుల్లో మండీలలో వినవస్తాయి. ఆ సందడిలోనే మార్చి 31 వచ్చి పోతుంది. రాబోయే ఆర్థిక సంవత్సరానికి కొత్తగా కాంపోజిషన్ పద్ధతిలోకి మారదలచిన వర్తకుడు ఆ తేదీలోగా సి.ఎం.పి.-02 ఫారం దాఖలు చేయాలి. ఇంతకుముందే ఆ పద్ధతిలో ఉన్నవారు ఏ ఫారమూ ఇవ్వనక్కరలేదు. వారు వద్దనే వరకు అదే కొనసాగుతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. బేడ, పావలా తేడాకు గంటసేపు బేరమాడే వర్తకుడు, ఏడాది పొడవునా కట్టే పన్ను విషయంలో మాత్రం ‘ఒక శాతమే కదా’ అనుకొని నిర్ణయాన్ని లెక్కల గుమాస్తాకు వదిలేస్తున్నాడు. ఆ ఒక శాతం అందరికీ ఒకే శాతం కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలోని చిన్న వర్తకులలో కొందరికి అది మేలు. పలువురికి అది మామూలు పన్నుకంటె బరువు. మరికొందరికి సరిహద్దు కారణంగా అది అందని పండు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను రేట్లు మారిన తరువాత ఈ లెక్కను మళ్లీ మొదటినుంచి వేసుకోవలసిన అవసరం ఏర్పడింది.

పాత ఏర్పాటే, కొత్త పేరు

చిన్న వర్తకునికి సులభమైన పన్ను అన్న ఆలోచన కొత్తది కాదు. అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1939లో, రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను చట్టాన్ని తెచ్చింది. ఏడాదికి 10 వేల రూపాయల లోపు వ్యాపారానికి పన్ను లేదు. 20 వేల వరకు నెలకు 5 రూపాయలు. ఆపైన అర శాతం. నెలకు 5 రూపాయలు కట్టేవానికి సరుకు వారీ లెక్కలతో నిమిత్తం ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చినప్పుడు ఇదే ఆలోచన టి.ఓ.టి. రూపంలో నిలిచింది. 5 లక్షల నుంచి 40 లక్షల వరకు టర్నోవరు గల చిల్లర వర్తకులు మొదట ఒక శాతం కట్టేవారు. పొరుగు రాష్ట్రంతో కొనుగోలు గాని అమ్మకం గాని పెట్టుకున్నవారికి ఆ సౌకర్యం ఉండేది కాదు.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. కాంపోజిషన్ పరిమితి మొదట 75 లక్షలు. అదే ఏడాది అక్టోబరులో కోటి రూపాయలు. 2019 ఏప్రిల్ 1 నుంచి కోటిన్నర. ఉత్పత్తిదారులకు మొదట విధించిన 2 శాతాన్ని 2018 జనవరి 1 నుంచి ఒక శాతానికి తగ్గించారు. వర్తకులు పన్ను గల సరుకుల అమ్మకంపై మాత్రమే ఆ ఒక శాతం కడితే చాలునని అప్పుడే నిర్ణయమైంది. మూడు నెలలకొకసారి సి.ఎం.పి.-08, ఏడాదికొకసారి జి.ఎస్.టి.ఆర్.-4: ఇంతే పని. పొరుగు రాష్ట్రం నుంచి సరుకు కొనడానికీ అభ్యంతరం లేదు. టి.ఓ.టి. కాలంతో పోలిస్తే ఇది సడలింపే.

అయితే ఇందుకు బదులుగా వర్తకుడు మూడు వదులుకోవాలి. కొన్న సరుకుపై తాను చెల్లించిన పన్ను జమ రాదు. ఖాతాదారు నుంచి పన్ను పేరుతో పైసా వసూలు చేయరాదు. ఆ ఒక శాతం తన లాభంలోంచే కట్టాలి. రాష్ట్రం దాటి సరుకు అమ్మరాదు.

అసలు లెక్క

ఉదాహరణకు 5 శాతం పన్ను గల సరుకును తీసుకుందాం. వర్తకుడు 100 రూపాయల సరుకును పన్నుతో సహా 105కు కొన్నాడు. 10 రూపాయల లాభం వేసుకొని పన్నుతో కలిపి 115 రూపాయల 50 పైసలకు అమ్మాడు. మామూలు పద్ధతిలో ఉంటే ఖాతాదారు ఇచ్చిన 5.50లో తాను కట్టిన 5 రూపాయలు మినహాయించుకొని 50 పైసలు ప్రభుత్వానికి జమ చేస్తాడు. 10 రూపాయలు చేతిలో మిగులుతాయి. కాంపోజిషన్ వర్తకుడు అదే ధరకు అమ్మితే 115.50పై ఒక శాతం, అంటే సుమారు 1.15 కట్టాలి. కొనుగోలులో పోయిన 5 రూపాయలు తిరిగి రావు. చివరకు మిగిలేది సుమారు 9.35.

ఇప్పుడు 18 శాతం సరుకు చూద్దాం. కొనుగోలు 118, అమ్మకం 129.80. మామూలు పద్ధతిలో మిగులు 10 రూపాయలే. కాంపోజిషన్‌లో ఒక శాతం కింద సుమారు 1.30 పోగా 10.50 మిగులుతుంది. ఇక్కడ ఒక శాతం పద్ధతి లాభం.

మరింత విడమరచి చెప్పాలంటే, 18 శాతం సరుకుపై వర్తకుని లాభం సుమారు 7 శాతం దాటితే కాంపోజిషన్ మేలు. 12 శాతం సరుకుపై ఈ హద్దు సుమారు 10 శాతం ఉండేది. 5 శాతం సరుకుపై లాభం 26 శాతం దాటితే గాని కాంపోజిషన్ గిట్టదు. కిరాణా వ్యాపారంలో అంత లాభం ఎక్కడున్నది?

2025 సెప్టెంబరు 22 నాటి మార్పు ప్రాముఖ్యం దీనివల్లనే తెలుస్తుంది. ఆనాడు చాలా సరుకులకు 12, 28 శాతాల అంతస్తులు తొలగిపోయాయి. సబ్బులు, తలనూనెలు, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. నెయ్యి, వెన్న, కారప్పూస వంటి చిరుతిండ్లు 12 నుంచి 5కు వచ్చాయి. ఖాతాదారుకు ఇది ఊరటే. మామూలు పద్ధతిలో ఉన్న అంగడికీ ఇబ్బంది లేదు. కాని కాంపోజిషన్‌లోని కిరాణా వర్తకుని ఒక శాతం మాత్రం కదలలేదు. నిన్నటివరకు 18 శాతం సరుకుపై లాభించిన పద్ధతే 5 శాతం సరుకుపై నష్టమైంది. సరుకు మీద పన్ను తగ్గినందువల్ల చిన్న వర్తకుని సౌకర్యం ఖరీదు పెరిగినట్లయింది.

ఏడాదికి 60 లక్షల వ్యాపారం, అంతా 5 శాతం సరుకే, లాభం 10 శాతం అనుకుంటే, పై లెక్క ప్రకారం తేడా సుమారు 34 వేల రూపాయలు. లెక్కలు వ్రాసేవారికి ఇచ్చే రుసుము అంతకంటె ఎక్కువా, తక్కువా అన్నది ఎవరికి వారు చూసుకోవలసిన సంగతి.

హిందూపురం: చింతపండు, మిర్చి, సరిహద్దు

ఎండు చింతపండుపై జి.ఎస్.టి. మొదట 5 శాతం ఉండేది. 2019 సెప్టెంబరు 20న గోవాలో జరిగిన కౌన్సిలు సమావేశం దానిని తొలగించగా అక్టోబరు 1 నుంచి చింతపండు పన్ను లేని సరుకైంది. చింతపండు వంటి పన్ను లేని సరుకులలో మాత్రమే వ్యాపారం చేసేవారికి సాధారణంగా నమోదు అవసరమే లేదు. విడి బెల్లానికీ పన్ను లేదు. పొట్లం కట్టి చీటీ అంటించి చిల్లరకు అమ్మే బెల్లానికి మాత్రం 2022 జూలై 18 నుంచి 5 శాతం పడింది.

చింతపండుతోపాటు ఎండుమిర్చి కూడ అమ్మే మండీదారు ఒక విషయం గమనించాలి. మిర్చిపై పన్ను 5 శాతం. కాంపోజిషన్ వర్తకుడు ఒక శాతం కట్టేది మిర్చి అమ్మకంపై మాత్రమే అయినా, కోటిన్నర పరిమితిని లెక్క కట్టేటప్పుడు చింతపండు అమ్మకాన్ని కూడ కలుపుతారు. చింతపండు కోటీ ముప్పయి లక్షలు, మిర్చి ముప్పయి లక్షలు అయితే మొత్తం కోటీ అరవై లక్షలు. అతనికి కాంపోజిషన్ లేదు. చింతపండు ధర ఒక ఏడాది పెరిగితే చాలు, తూకం పెరగకపోయినా పరిమితి దాటిపోవచ్చు.

రైతు దగ్గర నేరుగా మిర్చి కొని ఊళ్లోనే చిల్లరకు అమ్ముకునే చిన్న అంగడికి కాంపోజిషన్ నిజంగా మేలు. రైతు దగ్గర కొన్నప్పుడు పన్ను లేదు కనుక పోయే జమ ఏమీ లేదు; 5 శాతానికి బదులు ఒక శాతంతో సరిపోతుంది. కాని పొరుగు రాష్ట్రానికి ఒక్క బస్తా పంపినా ఆ మేలు పోతుంది.

పొరుగు రాష్ట్రం హిందూపురానికి దూరంలో లేదు. గౌరిబిదనూరు పక్కనే ఉన్నది. పావగడ తాలూకాకు దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. ఆ ఊళ్లవారు హిందూపురం అంగళ్లలో సరుకు కొనడం, ఈ ఊరివారు అక్కడ కొనడం తరతరాలుగా సాగుతున్నది. పన్ను చట్టం దృష్టిలో మాత్రం అది పరదేశమంత దూరం.

2023 అక్టోబరు 1 నుంచి అమలైన ఒక నిబంధనను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నమోదు కాని ఖాతాదారుకు సరుకు అమ్మినప్పుడు, బిల్లులో అతని చిరునామా ఉంటే ఆ చిరునామా ఉన్న చోటే అమ్మకం జరిగినట్లు లెక్క. చిరునామా లేకపోతే అంగడి ఉన్న చోటనే జరిగినట్లు లెక్క. గౌరిబిదనూరు రైతు ఒక పంపుసెట్టు కొని, హామీ కార్డు కోసం తన ఊరి పేరు బిల్లులో వ్రాయమంటాడు. వర్తకుడు మర్యాదకు వ్రాస్తాడు. ఆ ఒక్క పంక్తితో అది అంతర్రాష్ట్ర అమ్మకంగా పరిగణించబడే ప్రమాదమున్నది. షరతు తప్పిన రోజునుంచే కాంపోజిషన్ రద్దవుతుంది. 7 రోజులలో సి.ఎం.పి.-04 ద్వారా తెలియజేయాలి. తెలియక కొనసాగిస్తే తరువాత పూర్తి పన్ను, వడ్డీ, జరిమానా మీద పడతాయి. ఖాతాదారు నుంచి వసూలు చేయని పన్నును సొంత డబ్బుతో కట్టవలసి వస్తుంది.

ధర్మవరం: పట్టునూలు మీద మెలిక

ధర్మవరం పట్టుచీరకు దేశమంతటా గిరాకీ ఉన్నది. పట్టుగూళ్లపై, ముడిపట్టుపై పన్ను లేదు. పట్టునూలుపై, పట్టువస్త్రంపై 5 శాతం. చూడడానికి సులభంగానే ఉన్నది.

అయితే పట్టుగూళ్ల నుంచి గాని ముడిపట్టు నుంచి గాని నూలు తయారుచేసి అమ్మేవారి దగ్గర, నమోదైన వర్తకుడు ఆ నూలు కొంటే, పన్నును అమ్మినవాడు కాక కొన్నవాడే కట్టాలి. దీనినే రివర్స్ చార్జి అంటారు. కాంపోజిషన్‌లో ఉన్న మగ్గాల యజమాని ఈ పన్నును ఒక శాతం చొప్పున కాదు, పూర్తిగా 5 శాతం చొప్పున కట్టాలి. అది తిరిగి జమ కాదు. నమోదు కాని నేతగానికి ఇది వర్తించదు.

ఉదాహరణకు 10 వేల రూపాయల చీరలో 4 వేల రూపాయల నూలు ఉన్నదనుకుందాం. కాంపోజిషన్ యజమాని నూలుపై 200, చీరపై 100, వెరసి 300 రూపాయలు తన లాభంలోంచి కట్టాలి. మామూలు పద్ధతిలోని యజమాని నూలుపై 200 కట్టి, చీర కొన్న వర్తకుని దగ్గర 500 వసూలు చేసి, 200 మినహాయించుకొని 300 జమ చేస్తాడు. అతని సొంత డబ్బు పైసా పోదు. కొన్నది నమోదైన వర్తకుడైతే ఆ 500 అతనికీ జమ వస్తుంది. కనుక బేరం 10 వేల దగ్గరే తెగుతుంది. పైగా బెంగుళూరుకో, మద్రాసుకో చీర పంపాలంటే కాంపోజిషన్ పనికేరాదు. ధర్మవరంలో బయటి రాష్ట్రాల వర్తకులకు చీరలు అమ్మేవారికి ఈ పద్ధతి ఉన్నా లేనట్లే.

పెనుకొండ: హోటలు, గ్యారేజి

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయింది. ఇటువంటి పరిశ్రమ చుట్టూ ఫలహారశాలలకు, మెస్సులకు, లారీల మరమ్మతు షెడ్లకు, విడిభాగాల అంగళ్లకు అవకాశం పెరుగుతుంది.

ఫలహారశాలకు కాంపోజిషన్ రేటు 5 శాతం. మామూలు పద్ధతిలోని సాధారణ ఫలహారశాలకూ, జమ లేకుండా, 5 శాతమే. తేడా ఒక్కటే: మామూలు పద్ధతిలో ఆ 5 శాతం బిల్లులో వేసి వసూలు చేసుకోవచ్చు, కాంపోజిషన్‌లో హోటలు యజమాని జేబులోంచి పోతుంది. కాగితాల పని తగ్గడం తప్ప ఇందులో హోటలుకు లాభం కనపడదు.

విడిభాగాల అంగడి సంగతి వేరు. అక్కడ పన్ను 18 శాతం. ఖాతాదారులు స్థానిక లారీ యజమానులైతే ఒక శాతం పద్ధతి లాభమే. అదే అంగడి మరమ్మతు కూడ చేస్తే జాగ్రత్త వహించాలి. ముందటి ఏడాది టర్నోవరులో 10 శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకే సేవల రాబడిని అనుమతిస్తారు. అంతకు మించితే ఒక శాతం పోయి, 50 లక్షల పరిమితిలో మొత్తం టర్నోవరుపై 6 శాతం పద్ధతి ఒక్కటే మిగులుతుంది.

నమోదు కాని యజమాని దగ్గర అంగడి అద్దెకు తీసుకున్నవారికి ఒక ఊరట ఉన్నది. 2024 అక్టోబరు 10 నుంచి అటువంటి అద్దెపై 18 శాతాన్ని అద్దెదారే కట్టాలన్న నిబంధన వచ్చింది. 2025 జనవరి 16 నుంచి కాంపోజిషన్ వర్తకులను దాని నుంచి మినహాయించారు.

మధ్యే మార్గం

కాంపోజిషన్ గిట్టనివారు నెలనెలా రిటర్నుల చక్రంలో పడవలసిందే అనుకోవడం సరికాదు. 5 కోట్ల వరకు టర్నోవరు ఉన్నవారికి 2021 జనవరి 1 నుంచి త్రైమాసిక రిటర్నుల పద్ధతి ఉన్నది. రిటర్నులు మూడు నెలలకొకసారి. పన్ను మాత్రం నెలనెలా. గడచిన త్రైమాసికంలో నగదుగా కట్టిన పన్నులో 35 శాతం చొప్పున మొదటి రెండు నెలలు చలానా కడితే చాలు; మిగతా లెక్క మూడో నెల తేలుతుంది. జమ పోదు, సరిహద్దు అడ్డం రాదు. పొరుగు రాష్ట్రంతో బేరమున్నవారికి, ధర్మవరం చీరల వర్తకులకు, 5 శాతం సరుకు అమ్మే టోకు వర్తకులకు ఇదే మేలైన దారిగా కనిపిస్తున్నది.

ఇప్పటికే కాంపోజిషన్‌లో ఉన్నవారు బయటికి రావాలంటే సంవత్సరాంతం వరకు ఆగనక్కరలేదు. బయటికి వచ్చిన రోజుకు చేతిలో ఉన్న నిల్వ సరుకుపై, ఏడాదికి మించి పాతబడని బిల్లులు ఉంటే, ఆ పన్నును జమ పొందే వీలున్నది. అందుకు 30 రోజుల గడువు. ఎదురు దిశలో, మామూలు పద్ధతి నుంచి కాంపోజిషన్‌కు మారేవారు నిల్వపై పొందిన జమను తిరిగి కట్టాలి.

మార్చవలసింది ఏమిటి?

వర్తకుడు తన లెక్క తాను చూసుకోవడం ఒక ఎత్తు. చట్టంలోని లోపాన్ని సరిదిద్దడం మరొక ఎత్తు.

మొదటిది రేటు. సరుకు పన్ను 18 శాతం ఉన్నప్పుడూ, 5 శాతం ఉన్నప్పుడూ వర్తకుని దగ్గర ఒకే శాతం తీసుకోవడం సమంజసం కాదు. 5 శాతం సరుకుల అమ్మకంపై దీనిని అర శాతానికి తగ్గించడం న్యాయం. 1939లో 20 వేలు దాటిన వర్తకునికి వేసినది కూడ అర శాతమే అన్న సంగతి గమనార్హం.

రెండవది సరిహద్దు. కాంపోజిషన్‌ను ఆకర్షణీయం చేసేందుకు 2017 అక్టోబరులో హిమంత బిశ్వ శర్మ అధ్యక్షతన మంత్రుల బృందాన్ని వేసినప్పుడు, అంతర్రాష్ట్ర అమ్మకాల విషయమూ దాని పరిశీలనకు వచ్చింది. అదే ఏడాది నవంబరు 10న గువాహటిలో కౌన్సిలు రేట్లను, పరిమితిని సవరించింది గాని ఈ నిషేధాన్ని కదపలేదు.

ఇందుకు అధికారులు చెప్పే కారణం పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. జి.ఎస్.టి. సరుకు వాడే రాష్ట్రానికి చెందే పన్ను. హిందూపురం వర్తకుడు కట్టే ఒక శాతంలో సగం కేంద్రానికి, సగం ఆంధ్రకు పోతుంది. సరుకు మాత్రం కర్ణాటకలో ఖర్చవుతుంది. అయితే దీనికి పరిష్కారం లేకపోలేదు. సి.ఎం.పి.-08లో పొరుగు రాష్ట్రపు అమ్మకాలకు ఒక గడి చేర్చితే, ఆ మేరకు పన్నును ఆ రాష్ట్రానికి సర్దుబాటు చేయవచ్చు. సేవలకు 10 శాతం మేర మినహాయింపు ఇచ్చిన చట్టమే, అదే కొలతలో పొరుగు రాష్ట్రపు అమ్మకాలకూ చోటివ్వవచ్చు. ఏడాదికి 60 లక్షలు అమ్మే అంగడికి అది 6 లక్షలు. దానివల్ల ఏ ఖజానా కుంగిపోదు. కాని గౌరిబిదనూరు రైతుకు పంపుసెట్టు అమ్మిన పాపానికి ఒక చిన్న వర్తకుడు కుంగిపోవచ్చు.

మూడవది పట్టునూలు. కాంపోజిషన్‌లో ఉన్న మగ్గాల యజమానిని రివర్స్ చార్జి నుంచి మినహాయించడం న్యాయం. అద్దె విషయంలో 2025లో చేసిన పనినే నూలు విషయంలోనూ చేయవచ్చు.

ఈ మూడూ జి.ఎస్.టి. కౌన్సిలు తేల్చవలసిన విషయాలు. కౌన్సిలులో ఆంధ్రప్రదేశ్‌కు స్థానమున్నది. మూడు పట్టణాల వర్తక సంఘాలు కలిసి, తమ సభ్యుల టర్నోవరు, లాభం, పొరుగు రాష్ట్రపు అమ్మకం వివరాలు పేర్లు లేకుండా అంకెలలో సేకరించి రాష్ట్ర ప్రభుత్వం ముందుంచితే, వినతిపత్రాల కంటె ఆ అంకెలకే విలువ ఎక్కువ ఉంటుంది. చింతపండుపై పన్ను రెండేళ్ల పైచిలుకు నిలిచి తరువాత పోయింది. పోగలిగిన పన్ను తగ్గనూగలదు.

అంతవరకు ప్రతి వర్తకుడూ మార్చి 31కి ముందు ఒక సాయంత్రం అంగడి కట్టేసి మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. అమ్మే సరుకుపై పన్ను 5 శాతమా, 18 శాతమా? కొనేవాడు ఇంటివాడా, పన్ను జమ కోరే వర్తకుడా? బస్తా రాష్ట్రం దాటుతుందా, దాటదా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ పద్ధతి తనదో పక్కవాణ్ణి అడగవలసిన అవసరం ఉండదు.